చేన్లో దొరికిన పళ్లు ఏ జంతువువి?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మహారాష్ట్ర, ఒడిశా సరిహద్దు తాలూకాల నుంచి వచ్చినవి చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి. వానలకు ముందు కాలువలు తీయించేవాళ్లు, బావులు పూడిక తీసేవాళ్లు, పునాదులు తవ్వేవాళ్లు మట్టిలో పళ్లు దొరికాయని ఫొటోలు పంపారు. అందుకే ఈసారి మిగతావి పక్కన పెట్టి వీటికే జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: సార్, మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకా అంకీసా. పత్తి చేను పక్కన నీళ్లు పోవడానికి జేసీబీతో కాలువ తీయిస్తే మోకాటి లోతులో నల్లమట్టిలో ఐదు పళ్లు బయటపడ్డాయి. నాలుగు చూపుడువేలంత పొడవున్నాయి, గోధుమ రంగు, పైభాగంలో గీతలు గీతలుగా ఉంది. ఐదోది వంపు తిరిగిన కోర. వడధం ఫాసిల్ పార్కు మాకు దగ్గరే కాబట్టి ఊళ్లో అందరూ డైనోసార్ పళ్లే అంటున్నారు. ఒకాయన కొంటానని కూడా అడిగి పోయాడు. ఇవి నిజంగా ఏమిటి?

జవాబు: అన్నా, డైనోసార్‌వి మాత్రం కావు. మీ ఫొటోలు పెద్దవి చేసి చూశాను. నాలుగింట్లో మూడు ఆవువో ఎద్దువో అయిన దవడ పళ్లు, ఒకటి గుర్రానిది, కోర పందిది. ఎలా చెప్తున్నానో వివరంగా రాస్తాను, ఎందుకంటే రేపు ఇంకో పన్ను దొరికితే మీరే చూసుకోవచ్చు.

పన్ను చేతికి రాగానే అందరూ పక్క నుంచి చూస్తారు, పొడవెంత, రంగేంటి అని. చూడాల్సింది అది కాదు, నమిలే తలం. పన్నును నిలబెట్టి నేరుగా పై నుంచి చూడండి. గడ్డి తినే జంతువుల పళ్లలో గట్టి ఎనామిల్, దానికంటే మెత్తటి డెంటిన్ మడతలు పడి ఉంటాయి, మెత్తటిది తొందరగా అరిగి గట్టిది గట్టులాగా పైకి మిగులుతుంది, మీరు గీతలు అంటున్నవి ఆ గట్లే. ఆ గట్ల ఆకారం ఒక్కో జంతువుకు ఒక్కోలా ఉంటుంది. ఆవు, గేదె, మేక, జింక జాతులకు అవి నెలవంకల్లా ఉంటాయి. మీ మూడు పళ్లలో నెలవంకలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. పైగా రెండు భాగాల మధ్యలో, ఒక పక్కన, సన్నటి స్తంభంలాంటిది కింది నుంచి పైదాకా పోయి నమిలే తలం మీద చిన్న చుట్టగా తేలింది చూడండి. పశువుల పళ్లకు అది పెద్ద గుర్తు. పైదవడ పన్నుకు ఆ స్తంభం నాలుక వైపు, కింది దవడ పన్నుకు బుగ్గ వైపు ఉంటుంది. మీ రెండో ఫొటోలోది రెండు భాగాలు కాదు, మూడు భాగాలుంది, అంటే అది కింది దవడలో చిట్టచివరి పన్ను, ఆ ఒక్కదానికే వెనక మూడో చిన్న ముక్క ఉంటుంది. మేకకు, గొర్రెకు ఇదంతా చిన్న సైజులో ఉంటుంది, స్తంభం మామూలుగా ఉండదు. గేదెది ఆవు పన్నుకంటే దిట్టంగా, పెద్దగా ఉంటుంది గానీ ఒక్క పన్నును బట్టి ఆవా గేదెనా అని ఒట్టు వేసి చెప్పేవాళ్లు తక్కువ, నేనూ చెప్పను.

నాలుగోది చూడండి. నెలవంకలు విడివిడిగా లేవు, ఎనామిల్ గీత ఒకటే పోతూ లోపల సన్నని కుచ్చిళ్లు పడింది. పన్ను అడ్డకోత దాదాపు చదరం. పక్కన విడి స్తంభం లేదు. వేర్లు దాదాపు లేనట్టే ఉన్నాయి, పన్నంతా ఒకే లావున కొద్దిగా వంగి దిగిపోయింది. ఇది గుర్రం పైదవడ పన్ను. గుర్రం పన్ను చాలా పొడవుగా దవడలో దిగి ఉండి, అరిగిన కొద్దీ పైకి వస్తుంటుంది, వేర్లు ఆలస్యంగా ఏర్పడతాయి. మీ ఊళ్లో ఇప్పుడు గుర్రాలు లేకపోవచ్చు, కానీ సిరోంచ బ్రిటిష్ కాలంలో అప్పర్ గోదావరి జిల్లాకు కేంద్రంగా ఉన్న ఊరు, బండ్ల మీద, గుర్రాల మీద రాకపోకలు జరిగిన దారి, కాబట్టి ఆ పన్ను దొరకడంలో వింతేమీ లేదు.

కోరను అడ్డంగా పట్టుకుని చూస్తే మూడు మూలలుగా ఉంటుంది. రెండు ముఖాల మీద నున్నటి ఎనామిల్, మూడో ముఖం మీద ఉండదు. మొదలు వైపు బోలు. ఇది పోతు పంది కింది దవడ కోర, జీవితాంతం పెరుగుతూనే ఉంటుంది కాబట్టే మొదలు మూసుకోదు. ఊరపందిదా అడవిపందిదా అన్నది కోరను చూసి తేల్చలేం.

ఇక డైనోసార్ సంగతి. మీ వాళ్లు ఊరికే అనలేదు, మీ తాలూకా నేల నిజంగా గొప్పది. సిరోంచ దగ్గరి కోట గ్రామం పేరు మీదనే ఆ రాతి పొరలకు కోట ఫార్మేషన్ అని పేరు పెట్టారు, జురాసిక్ కాలానివి. ప్రాణహిత, గోదావరి లోయలోని ఆ రాళ్లలోనే 1958 నుంచి 1961 మధ్య బరపాసారస్ అనే డైనోసార్ ఎముకలు తవ్వి తీశారు, 1975లో దానికి ఆ పేరు పెట్టారు, అస్థిపంజరం కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో నిలబెట్టి ఉంది. నదికి ఇవతల తెలంగాణ వైపు యామన్‌పల్లి దగ్గర దొరికిన ఇంకో డైనోసార్ కోటసారస్‌ను హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో చూడొచ్చు, పిల్లల్ని తీసుకుని తప్పకుండా పోయి చూడండి. బరపాసారస్‌కు తలభాగం దొరకలేదు, పళ్లు మాత్రం దొరికాయి, అవి చెంచా ఆకారంలో ఉండే పళ్లు, ఆకులు అలములు తెంపుకునేవి, నమిలేవి కావు. సరీసృపాల పళ్లకు సాధారణంగా ఒకటే మొదలు, మొనగానో కత్తి అంచులాగానో ఉంటాయి. రెండు మూడు పాయల వేరుతో, నమిలే తలం మీద నెలవంకలతో పన్ను దొరికితే అది పాలిచ్చే జంతువుదే. రెండో కారణం, కోట పొరలంటే రాయి, సున్నపురాయి, ఇసుకరాయి, ఎర్రమట్టి రాయి. మీకు దొరికింది పైన ఉన్న నల్లమట్టిలో. ఆ రెంటి మధ్య కోట్ల ఏళ్ల తేడా ఉంది.

మోకాటి లోతులో దొరికింది కాబట్టి చాలా పాతదై ఉండాలి కదా అని మీరు ఉత్తరం చివర అడిగారు. నల్లరేగడిలో ఆ లెక్క పనిచేయదు. ఎండాకాలం నెర్రెలు ఎంత లోతుకు విచ్చుకుంటాయో రైతుకు నేను చెప్పాల్సిన పని లేదు. పైన పడి ఉన్న ఎముక, పన్ను, గోళీ, సీసా మూత ఏదైనా ఆ నెర్రెలో పడిపోతుంది, వానలకు మట్టి ఉబ్బి మూసుకుంటుంది, ఇలా ఏళ్ల తరబడి ఆ మట్టి కిందామీదా అవుతూనే ఉంటుంది. దానికి తోడు 2022 జూలై గోదావరి వరద మీ వైపు ఎన్ని చేలమీద ఎంత ఒండ్రు వేసి పోయిందో మీకే తెలుసు. రంగు కూడా నమ్మకండి. మట్టిలోని ఇనుము, మాంగనీసు పట్టి కొత్త పన్ను కూడా తక్కువ కాలంలోనే గోధుమ, నలుపు తిరుగుతుంది.

కొంటానన్నాయనకు ఇవ్వొద్దు. పశువుల పళ్లకు ధర లేదు, ధర చెప్పే మనిషికి వాటి మీద కాదు, మీ చేన్లో ఇంకేం ఉందోనన్న దాని మీద ఆశ. ఆ కోర ఒకవేళ అడవిపందిది అయితే అది వన్యప్రాణి చట్టం కిందికి వస్తుంది, అమ్మితే మీకే టెన్షన్. దాన్ని ఒకసారి ఫారెస్టు వాళ్లకు చూపించేయండి.

ప్రశ్న: మాది చంద్రపూర్ జిల్లా రాజురా దగ్గర. వర్ధా నది ఒడ్డు కోసుకుపోయిన చోట గట్టులో ఒక పెద్ద వస్తువు సగం బయటికి కనిపిస్తోంది. రాయిలాగా బరువు, పైన అడ్డంగా వరస గీతలున్నాయి. పశువులు కాసే పెద్దాయన ఏనుగు పన్ను అంటున్నాడు. ఇక్కడ ఏనుగులెక్కడివి? ఒక ముక్క విరిగి కిందపడితే ఇంటికి తెచ్చాను.

జవాబు: పెద్దాయన మాటే నిజమయ్యేట్టుంది తమ్ముడూ. ఈ ఉత్తరం చదివి నాకు నిజంగా సంతోషమైంది. ఏనుగు దవడ పన్ను మిగతా జంతువుల పళ్లలాగా ఉండదు. పలుచని పలకలు వరసగా నిలబెట్టి మధ్యలో సిమెంటు పోసి అతికించినట్టు ఉంటుంది, బ్రెడ్డు ముక్కల ప్యాకెట్టును పక్క నుంచి చూసినట్టు. పై నుంచి చూస్తే ఆ పలకల అంచులే అడ్డగీతలు. ఏనుగుకు దవడలో ఒక్కో పక్కన జీవితంలో ఆరు దవడ పళ్లు వస్తాయి, అన్నీ ఒకేసారి కాదు, ఒకటి అరిగి ముందుకు జరుగుతుంటే వెనక నుంచి ఇంకోటి నెట్టుకొస్తుంది, చివరివి కిలోల బరువుంటాయి. ఆరోది కూడా అరిగిపోయాక ముసలి ఏనుగు మేత నమలలేదు.

ఏనుగులెక్కడివి అంటే, రెండు రకాలుగా ఉన్నాయి. ఇప్పటివి: గడ్చిరోలి జిల్లా కమలాపూర్‌లో అటవీశాఖ ఏనుగుల క్యాంపు చాలా ఏళ్లుగా ఉంది, 2021లో ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి ఒక అడవి ఏనుగుల మంద గడ్చిరోలిలోకి వచ్చింది. అప్పటివి: గోదావరి, నర్మదా లోయల పాత ఒండ్రులో, అంటే మంచుయుగాల కాలం మట్టిలో, ఇప్పటి మన ఏనుగుకంటే చాలా పెద్దదైన పాలియోలోక్సోడాన్ అనే ఏనుగు ఎముకలు దొరికాయి. నాసిక్ జిల్లా నందూర్ మధ్మేశ్వర్ దగ్గర గోదావరి ఒడ్డున దొరికిన దాని గురించి జియలాజికల్ సర్వేకు చెందిన పిల్‌గ్రిమ్ 1905లోనే రాశాడు. అదే కాలంలో మన నదుల్లో నీటిగుర్రాలు, అడవి గుర్రాలు, పెద్ద కొమ్ముల అడవి ఎద్దులు కూడా ఉండేవి. నీటిగుర్రం ఇండియాలో ఎప్పుడో అంతరించిపోయింది, దాని దవడ పళ్లు అరిగితే మూడు ఆకుల ఆకారం కనిపిస్తుంది, మీ గట్టులో అలాంటిది కనిపించినా ఆశ్చర్యపోకండి.

మీది ఈ రెంటిలో ఏది? మీరు తెచ్చిన ముక్క విరిగిన చోట చూడండి. కొత్త పన్నైతే లోపల తెల్లగా, పసుపుపచ్చగా ఉంటుంది. రాయిగా మారినదైతే లోపలిదాకా రంగు ఎక్కి ఉంటుంది, గోరుతో కొడితే పింగాణీ గిన్నెలా చిన్నగా మోగుతుంది, సైజుకు మించిన బరువు తూగుతుంది. చాలామంది సూది కాల్చి గుచ్చి చూస్తారు, వెంట్రుకలు కాలిన వాసన వస్తే కొత్తదని, రాకపోతే పాతదని. వాసన సంగతి నిజమే, ఎముకలో మిగిలిన కొల్లాజెన్ అనే ప్రోటీన్ కాలడం వల్ల వస్తుంది, కానీ మీరు మాత్రం చేయకండి, ఇలాంటి దానికి గుచ్చిన రంధ్రం శాశ్వతంగా ఉండిపోతుంది.

గట్టులో మిగిలిన దాన్ని గుంజకండి. నీళ్లు పోయకండి. ఏ పొరలో ఉందన్నదే దాని చరిత్ర మొత్తం. గులకరాళ్ల పొరా, ఇసుకా, పచ్చటి ఒండ్రా, దానికి పైన ఎంత మట్టి ఉంది, ఇవి తెలిస్తేనే ఎన్ని వేల ఏళ్లదో చెప్పే దారి దొరుకుతుంది, పొర తెలియని పన్ను మ్యూజియంలో కూడా సగం విలువదే. దూరం నుంచి గట్టు మొత్తం వచ్చేలా ఒక ఫొటో, దగ్గరి నుంచి పది రూపాయల నాణెం పెట్టి ఇంకో ఫొటో తీయండి, ఆ నాణెం అడ్డం 27 మిల్లీమీటర్లు కాబట్టి చూసేవాళ్లకు కొలత దొరుకుతుంది. ఫోన్లో లొకేషన్ ఆన్ చేసి తీయండి. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా సెంట్రల్ రీజియన్ ఆఫీసు నాగ్‌పూర్‌లోనే ఉంది, మీకు దగ్గర. పుణె డెక్కన్ కాలేజీలో పాత జంతువుల ఎముకలు చదివే విభాగమే ఉంది. ముందు తహసీల్ ఆఫీసులో ఒక కాగితం ఇచ్చి నకలు మీద సంతకం తీసుకోండి, తర్వాత ఆ ఫొటోలు వాళ్లకు పంపండి. వానలు ముదిరితే గట్టు కూలిపోతుంది కాబట్టి ఈ వారంలోనే చేయండి.

ప్రశ్న: కిన్వట్ నుంచి రాస్తున్నాను అన్నా. తాతల నాటి ఇల్లు పడగొడితే గోడ సందులో గుడ్డలో చుట్టిన రెండు కోరలు దొరికాయి, వేలంత లావు. పులివి అని అమ్మ అంటుంది, పిల్లాడి మెడలో తాయెత్తులాగా వేద్దామంటుంది. వేయొచ్చా?

జవాబు: వేయొద్దు చెల్లె, ఇవాళే ఫారెస్టు ఆఫీసులో చెప్పండి. పులి, చిరుత, ఎలుగుబంటి గోరు గానీ కోర గానీ ఇంట్లో పెట్టుకోవడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేరం, తాతల నాటిదన్నా కుదరదు. ఆ చట్టం 39వ సెక్షన్ ప్రకారం అలాంటిది చేతికి వచ్చిన 48 గంటల్లోపు దగ్గరి పోలీస్ స్టేషన్‌లోనో అధికారికో తెలియజేయాలి, దాచిపెట్టి దొరికితే పులి విషయంలో మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు ఉంటుంది. గోడ కూల్చేటప్పుడు చూసిన మేస్త్రీ, కూలీల పేర్లు కాగితం మీద రాసి తీసుకెళ్లండి, మీరు స్వయంగా చెప్పారన్నదే మీకు రక్షణ. అమ్మకు నచ్చజెప్పండి, పెద్దావిడ మనసులో భక్తే ఉంది, కానీ పిల్లాడి మెడలో అది కేసు అవుతుంది.

పులివేనా అన్నది మీ ఫొటోలో సగమే తేలుతోంది. పులి కోరలో బయటికి కనిపించే భాగంకంటే లోపలి వేరు పొడవు, లావు ఎక్కువ. ఎనామిల్ మీద నిలువుగా సన్నటి గాడులుంటాయి. కుక్క కోర ఇలాగే ఉన్నా చాలా చిన్నది. సంతల్లో పశువుల ఎముక చెక్కి, రంగేసి పులి కోరలని అమ్మేవాళ్లూ ఉన్నారు, వాటికి ఎనామిల్ మెరుపు ఒక చోట ఆగి వేరు మొదలయ్యే గీత ఉండదు, అంతా ఒకే నున్నగా ఉంటుంది. ఏదైనా సరే తేల్చాల్సింది ఫారెస్టు వాళ్లు.

ప్రశ్న: రాయగడ జిల్లా గుణుపూర్‌లో టీచర్‌ని. మా స్కూలు పిల్లవాడు పెరట్లో దొరికిందని ఒక పన్ను తెచ్చాడు, మనిషి దవడ పన్నులాగే ఉంది, కొంచెం పెద్దది. పోలీసులకు చెప్పాలా?

జవాబు: మేడమ్, ఫొటోలోది పంది పన్ను. పంది కూడా మనలాగా అన్నీ తినే జంతువు కాబట్టి దాని దవడ పళ్లు గుండ్రటి బొడిపెలతో మనిషి పన్నును పోలి ఉంటాయి, తేడా ఏమిటంటే పెద్ద బొడిపెల మధ్య చిన్న చిన్న బొడిపెలు గుంపుగా ఉంటాయి, చివరి పన్ను బాగా పొడుగు. ఈ పోలిక చాలా పెద్దవాళ్లనే తికమక పెట్టింది. 1922లో అమెరికాలో నెబ్రాస్కాలో దొరికిన ఒక పన్నును చూసి పేరున్న శాస్త్రవేత్త హెన్రీ ఆస్బర్న్ అది మనిషిని పోలిన వానరానిదని ప్రకటించాడు, మళ్లీ అక్కడే తవ్వి చూస్తే అది పెక్కరీ అనే పందిలాంటి జంతువుదని తేలింది, 1927లో ఆ మాట వెనక్కి తీసుకున్నారు. పిల్లలకు ఈ కథ చెప్పండి, చాలా ఇష్టపడతారు.

కానీ దవడ ముక్కతో సహా పళ్లు దొరికితే, పక్కన పుర్రె ఎముక, గాజులు, గుడ్డ ముక్కలు లాంటివి ఉంటే మాత్రం అక్కడే వదిలేసి పోలీసులకు చెప్పండి. అది పాత సమాధి కావచ్చు, ఇంకోటి కావచ్చు, తేల్చడం మన పని కాదు.

ప్రశ్న: పన్ను దొరికితే ఎలా కడగాలి, ఎన్నేళ్ల నాటిదో ఎక్కడ తెలుస్తుంది? అహేరి నుంచి ఇద్దరు ముగ్గురు ఇదే అడిగారు.

జవాబు: కడగడం అంత అవసరం కాదు. నీడలో ఆరనివ్వండి, ఎండలో పెడితే ఎనామిల్ పగిలి పెచ్చులూడుతుంది. మట్టి ఆరాక పాత మెత్తటి టూత్‌బ్రష్‌తో మెల్లగా దులపండి. నిమ్మరసం, వెనిగర్, బాత్రూం యాసిడ్ దగ్గరికి రానివ్వకండి, పన్నును తినేస్తాయి. కాగితం మీద తేదీ, చేను, లోతు, మట్టి రకం రాసి పన్నుతో పాటు డబ్బాలో వేయండి, పన్ను మీద మార్కర్‌తో రాయకండి.

వయసు అన్నప్పుడు రెండు వేరు వేరు సంగతులున్నాయి. చనిపోయేనాటికి జంతువు వయసెంత అన్నది పన్ను అరుగుదల చెప్తుంది, సంతలో కోడె నోరు తెరిచి రెండు పళ్లదా నాలుగు పళ్లదా అని చూసేది ఇదే, దవడ పన్నైతే ఎంత పొట్టిగా అరిగితే అంత ముసలిది. చనిపోయి ఎన్నేళ్లయింది అన్నది కంటితో చూసి చెప్పలేం. దానికి కార్బన్ పరీక్ష ఉంది, అది సుమారు 50 వేల ఏళ్ల లోపు వాటికే పనికొస్తుంది, అదీ పన్ను వేరులో కొల్లాజెన్ మిగిలి ఉంటేనే. అందుకని మెరుపు కోసం వార్నిష్, విరిగిన చోట ఫెవికాల్, ఫెవిక్విక్ పూయొద్దు, వాటిలోని కార్బన్ కలిసి ఆ పరీక్ష తప్పు చూపిస్తుంది. విరిగిన ముక్కలు విడిగా చిన్న పొట్లాల్లో కట్టి అదే డబ్బాలో పెట్టండి చాలు.